బొప్పాయి డబ్బా

బేసిను మూత తీసి రొయ్యను పట్టుకుంటే అది జుబేదా వేళ్ల మధ్యే విడిపోయింది.

ఇంకోటి తీసింది. అదీ అంతే, పాలలో నానిన బ్రెడ్డులా ఉంది. ఈసారి వంజరం చేప ముక్క తీసి ఇనుప చువ్వకు గుచ్చబోయింది. ముక్క చువ్వ మీద నిలవలేదు, రెండుగా చీలి మళ్లీ బేసిన్లోకే జారింది. పదిహేను కేజీల రొయ్యలు, పది కేజీల వంజరం. తెల్లవారుజామున కొత్తపట్నం నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన సరుకు. అంతా మసాలాలో నానుతూ నానుతూ ముద్దయిపోయింది.

టైము పదీ నలభై. పన్నెండున్నరకు నూట ఇరవై మంది భోజనానికి కూర్చుంటారు.

పొదిలి ఊరి చివర రైతు యలమంద మిరప కల్లం అది. వారం క్రితం వరకూ కాయలు ఆరిన నేల కాబట్టి ఎంత ఊడ్చినా ఎర్ర దుమ్ము పోలేదు. గాలి తిరిగినప్పుడల్లా ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉన్నారు. షామియానా కింద కుర్చీలు వేస్తున్నారు. అవతల పొడవాటి బొగ్గుల పొయ్యి ముందు పీట వేసుకుని నన్నే సాహెబ్ విసనకర్రతో నిప్పు రాజేస్తున్నాడు. తండ్రి ముఖంలో అంత కళ చూసి జుబేదాకు చాలా రోజులైంది. ఇప్పుడా కళ చూడలేక ఆమె తల తిప్పుకుంది.

నన్నే సాహెబ్ తాతలు దూది ఏకి పరుపులు కుట్టినవాళ్లు. మిషన్లు వచ్చి ఆ పని పోయాక, ఇరవై ఏళ్ల వయసులో ఆయన బస్టాండు పక్కన బొగ్గుల పొయ్యి పెట్టాడు. నలభై ఐదేళ్లుగా పొదిలిలో కబాబంటే ఆయనే. మాంసం ఉడికిందీ లేనిదీ కోసి చూసేవాడు కాదు, వేలితో ఒక్క నొక్కు నొక్కితే చాలు. అలాంటి మనిషికి షుగరు వచ్చి ముందు కాళ్లు, తర్వాత వేళ్లు మొద్దుబార్చేసింది. రెండు నెలల కిందట ఎర్రగా కాలిన చువ్వను ఒట్టి చేత్తో పట్టుకున్నాడు. చర్మం కాలిన వాసన జుబేదా ముక్కుకు తగిలేదాకా ఆయనకు తెలియనే లేదు.

అప్పుడు ఇరవై రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ ఇరవై రోజులూ ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెట్టింది తిన్నాడు, అడిగినదానికి ఊ అన్నాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి మాత్రం "బొగ్గులు వచ్చాయా?" అని అడిగేవాడు. పొయ్యి లేకపోతే ఈ మనిషి ఏడాది కూడా బతకడని జుబేదాకు అప్పుడే తెలిసిపోయింది. మొగుడు పోయి పుట్టింటికి చేరిన ఐదేళ్లుగా ఆమెకు మిగిలిన దిక్కు ఆ తండ్రి ఒక్కడే. పోనీలే, వయసైపోయిందిలే అనుకోవడానికి ఆమెకు మనసు రాలేదు.

అన్న అస్లాం చెడ్డవాడేం కాదు. తండ్రి చేతికి పూటపూటా కట్టు మార్చింది వాడే. కానీ ఒక మాట అంటే అన్నదే. "ఈ ఆదివారం ఆర్డరు ఒక్కటి చెయ్యనిస్తా. అది ఏ తేడా లేకుండా జరిగితే నాన్న పొయ్యి నాన్నది, నేను నోరెత్తను. అందులో చిన్న పొరపాటు దొర్లినా సోమవారం పొద్దున పొయ్యి పీకేస్తా. మళ్లీ నా దగ్గరికి రాకు, జుబేదా" అన్నాడు. నన్నే సాహెబ్ అక్కడే ఉండి సరేనని తలూపాడు. ఇవాళే ఆ ఆదివారం.

ఇక్కడ జుబేదా గురించి కూడా ఒకటి చెప్పుకోవాలి. తండ్రి తప్పులన్నీ తన నెత్తిన వేసుకోవడం ఆమెకు పాత అలవాటు. ఉప్పు రెండుసార్లు పడితే "నేను వేశానని చెప్పడం మర్చిపోయా" అంది. కబాబులు మాడితే "నేనే చూస్తానన్నా" అంది. చిల్లర బదులు నోటు ఇచ్చేస్తే "నేనే ఇచ్చా" అంది. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. ఈవిడ ఏ పెళ్లీ చెయ్యకుండానే ఆ వంద ఎప్పుడో దాటేసింది. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు. "ఎన్ని తప్పులు చేస్తాయే ఆ చేతులు" అని అస్లాం నవ్వేవాడు కూడా.

ఇంతకీ సరుకు ఎందుకు ముద్దయిందో ఆమెకు క్షణంలో అర్థమైంది. పచ్చి బొప్పాయి. వేటమాంసం మెత్తబడటానికి పచ్చి బొప్పాయి నూరి పట్టించడం కబాబుల వాళ్ల పద్ధతి. అదే చేపకీ రొయ్యకీ తగిలిందా, గంటలో కండంతా కరిగిపోతుంది. చేపలు పడనివాళ్లు పదిమంది ఉన్నారంటే వాళ్ల కోసం మూడు కేజీల మాంసం తెచ్చారు, దానికోసం బొప్పాయి నూరింది జుబేదానే. అల్లం వెల్లుల్లి ముద్ద ఒక డబ్బాలో, బొప్పాయి ముద్ద ఒక డబ్బాలో పెట్టింది. రెండూ ఐస్‌క్రీము డబ్బాలే, రెండూ తెల్లవే. అందుకే బొప్పాయి డబ్బాకు సైకిల్ ట్యూబు కోసి చేసిన నల్ల చుట్టు ఒకటి తొడిగి ఉంచుతారు. అది నన్నే సాహెబ్ పెట్టిన ఆనవాలే. పొద్దున ఎనిమిదింటికి ఆయనే కూర్చుని రొయ్యలకూ చేపకూ మసాలా కలిపాడు. ట్యూబు ముక్క వేళ్లకు తగిలి ఉంటుంది, తగిలినా తెలిసి ఉండదు. ఆ మాట అనుకోగానే జుబేదాకు ఏడుపొచ్చింది.

చేపల వ్యాపారి జాన్ బాషాకు ఫోన్ చేసింది.

"ఆదివారం పదకొండింటికి నా దగ్గర ఐసు తప్ప ఏముంటదమ్మా? ఒంగోలు పోయి రావాల్సిందే" అన్నాడు.

ఒంగోలు పోయి రావడానికి మూడు గంటలు. ఇక మిగిలింది ఒక్కటే దారి, కబాబు చేసే ప్రతివాడికీ తెలిసిన దారి. శనగపిండి వేయించి కలిపితే ఎలాంటి ముద్దయినా చువ్వను పట్టుకుంటుంది. ఎవరికీ తెలియదు.

కానీ వచ్చేవాళ్లు ఎవరు? డాక్టర్ కామేశ్వరి గారి షుగరు పేషెంట్లు. ఊళ్లోవాళ్లు కాలేజీ గ్రౌండులో రోజూ పొద్దున కలిసి నడుస్తారు. అన్నం, రొట్టె, పిండి, పంచదార అన్నీ బందు. ఏడాదికోసారి ఇలా విందు చేసుకుంటారు, అందులోనూ పిండి రేణువు ఉండకూడదు. తిన్న రెండు గంటలకు అందరూ వరసగా కూర్చుని వేలికి సూది గుచ్చుకుని, వచ్చిన అంకె పైకి చదువుతారు. తక్కువ వస్తే చప్పట్లు. నన్నే సాహెబ్ కూడా ఆ గుంపులో మనిషే. శనగపిండి పెడితే ఆ అంకెలు ఊరుకోవు, అది జుబేదాకు తెలియక కాదు. కుడితిలో పడ్డ ఎలుకకు ఏ గట్టయితేనేం? పరుగున రోడ్డు దాటి కిరాణా కొట్లో మూడు కేజీలు కొని కొంగు కింద దాచి తెచ్చింది.

వెనకున్న స్టవ్వు మీద మూకుడు పెట్టి పొట్లాం విప్పుతుండగా డాక్టరమ్మ వచ్చింది. గబుక్కున పొట్లాం మీద పళ్లెం బోర్లించింది జుబేదా.

"ఏమ్మా, అంతా రెడీనా? నేను ముట్టను గానీ వాసనకే అందరికీ నోరూరుతోంది" అంది కామేశ్వరి. చేత్తో షామియానా వైపు చూపించింది. "అదిగో, ఆ నీలం చొక్కా ఆయన కనిగిరి నుంచి వచ్చారు. ఏడు నెలల్నుంచి అన్నం మెతుకు ముట్టలేదు. బయట ఎక్కడా తినరు, ఇక్కడ మాత్రం తింటానన్నారు. సాహెబ్ గారి చెయ్యి కాబట్టి నాకూ ధైర్యమే. మాకేం పడదో ఆయనకు చెప్పక్కర్లేదు కదా."

"అవునండి" అంది జుబేదా.

డాక్టరమ్మ అటు వెళ్లాక ఆమె నీలం చొక్కా ఆయన వైపు చూసింది. ఆయన చేతులు కట్టుకుని, పొయ్యి వైపే చూస్తూ పెళ్లివారిలా కూర్చున్నాడు. "క్షమించయ్యా" అనుకుని పిండి మూకుట్లో పోసింది. సిగ్గేసింది, అయినా పోసింది. ఆమె కంటికి ఆ క్షణాన ఆ నూట ఇరవై మందీ తండ్రి ముందు ఆనలేదు.

పిండి వేగి కమ్మటి వాసన లేచిందో లేదో పొయ్యి దగ్గర్నుంచి కేక వినిపించింది.

"జుబేదా! శనగపిండి వేయిస్తున్నారెవరే?"

"ఎవరూ లేదు నాయనా. పక్కింట్లో అయ్యుంటది."

"కల్లంలో పక్కిల్లేడిదే?"

విసనకర్ర పడేసి కుంటుకుంటూ వచ్చాడాయన. మూకుడు చూశాడు, మూత తీసున్న బేసిను చూశాడు, కూతురి ముఖం చూశాడు. వంగి ఒక రొయ్య తీసి, ఎప్పటిలాగే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కాడు.

"గట్టిగానే ఉందిగా" అన్నాడు.

రొయ్య అప్పటికే గుజ్జయి ఆయన వేళ్ల సందుల్లోంచి కారి నేల మీద పడింది. ఆయన ఇంకా నొక్కుతూనే ఉన్నాడు, కూతురినే చూస్తూ. జుబేదా నేల వైపు చూసింది. ఆమె కళ్లు ఎక్కడున్నాయో గమనించి ఆయనా అటు చూశాడు. ఖాళీ వేళ్లు. కింద ఎర్ర దుమ్ములో గుజ్జు.

చాలాసేపు ఆ వేళ్లనే చూసుకున్నాడు. ఎంతటి తండ్రినైనా ఏ కూతురూ అలా చూడకూడదు. తర్వాత వేలు నాలుకకు ఆనించుకున్నాడు.

"బొప్పాయి" అన్నాడు మెల్లగా.

"నేనే నాయనా. నేనే కలిపా. నువ్వు అటు లేచినప్పుడు—"

"నువ్వు చువ్వలు కడుగుతున్నావు. కలిపింది నేను" అన్నాడు. ఆ తర్వాత గొంతు మారింది, నలభై ఐదేళ్ల దుకాణపు గొంతు అయింది. "ముందు ఆ పిండి బర్రెల తొట్లో పొయ్యి. నా చేతి కూడని నమ్మి వచ్చారు వాళ్లు. యలమందా! ఒరేయ్ యలమందా! పది అట్టల గుడ్లు తెప్పించరా. విస్తళ్లకు తెచ్చిన అరటాకులు ఎన్నున్నాయి?"

"నూట యాభై ఉన్నై బాబాయ్. దేనికి?" యలమంద కల్లం అవతల్నుంచే అరిచాడు.

"అన్నీ ఇటు పట్రా. వాళ్లకు కాయితం పళ్లాలు వేద్దాం."

ఇక చూడాలి ఆ గంటన్నర. ముద్దను పలచటి గుడ్డలో వేసి నీరంతా పిండారు. గుడ్డు తెల్లసొన గిలకొట్టి కలిపారు. వెడల్పు చువ్వలకు ముద్ద అదిమి, చుట్టూ అరటాకు చుట్టి, అరటి నారతో కట్టి బొగ్గుల మీద పెట్టారు. ఆకు కమిలేలోపు లోపల గుడ్డు గట్టిపడుతుంది, అప్పుడు ఆకు ఊడదీసి నిప్పు మీద ఎర్రగా కాల్చాలి. చెప్పడం తేలికే. మొదటి పది చువ్వలూ పొయ్యిలో కూలిపోయాయి. జుబేదా ఏడుస్తూనే కట్టింది, ఏడుస్తూనే తిప్పింది. మార్చి ఎండ పైనుంచి, నిప్పు కిందనుంచి, మధ్యలో మిరప ఘాటు. పదకొండో చువ్వ ఆకు ఊడదీస్తే ముద్ద నిలబడింది.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనే" అని నన్నే సాహెబ్ తన కాలిన అరచెయ్యి చూపించి నవ్వాడు. జుబేదాకు నవ్వు రాలేదు.

పన్నెండింటికి అస్లాం మంచినీళ్ల క్యాన్లతో ఆటోలో వచ్చాడు. అరటాకుల గుట్ట, గుడ్డు పెంకుల గుట్ట చూసి ఆగిపోయాడు. ఎవరూ ఏం చెప్పకముందే జుబేదా ఎదురెళ్లింది.

"నా వల్లే అన్నా. బొప్పాయి నేనే కలిపేశా చూసుకోకుండా."

"అదేందమ్మా" అన్నాడు యలమంద, పాపం మంచి మనసుతోనే. "పొద్దున బాబాయే గదా కలిపింది? నేను పక్కనే కూర్చుని టీ తాగా."

అస్లాం చెల్లెలి వైపు చూసిన చూపులో కోపం లేదు, జాలి ఉంది. అదే ఆమెను ఎక్కువ చంపింది. వాడు చొక్కా చేతులు మడిచి ఆకులు కట్టడానికి కూర్చున్నాడు.

విందు జరిగింది. జరగడమేంటి, చువ్వ చువ్వకూ కొట్టుకున్నారు. నీలం చొక్కా ఆయన నాలుగు తిని, లేచి వచ్చి నన్నే సాహెబ్ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఈ ఆకులో కాల్చే పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావని పదిమంది అడిగారు. ఆయన తల ఊపుతూ, వచ్చినవాళ్లందరికీ ఇంకోటి తినమని చెబుతూ తిరిగాడు. జుబేదాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత బాగా గట్టెక్కించిన మనిషిని పొయ్యి దగ్గర్నుంచి లేపుతామని ఎవడంటాడు? అనుకోవడమే కాదు, అస్లాంతో అనేసింది కూడా. వాడు "నేను ఏమీ అనట్లేదు జుబేదా, నాన్ననే అడుగు" అన్నాడు.

రెండున్నరకు డాక్టరమ్మ మిషను పట్టుకుని వరసలో వచ్చింది. నూట ఇరవై రెండు, చప్పట్లు. నూట పదిహేడు, చప్పట్లు. నీలం చొక్కా ఆయనకు నూట తొమ్మిది, ఈలలు. నన్నే సాహెబ్ వంతు వచ్చింది. వేలు చాపాడు.

"ఎప్పుడు గుచ్చుతారమ్మా?" అన్నాడు.

"గుచ్చేశాను సాహెబ్ గారూ" అంది కామేశ్వరి. వేలి కొస మీద రక్తపు బొట్టు నిలిచి ఉంది.

ఆయన దాన్ని చూసుకున్నాడు. నూట ముప్పై, అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన లేచి, తుడుచుకోకుండానే కొడుకు దగ్గరికి వెళ్లి చెవిలో ఏదో చెప్పాడు. అస్లాం తల దించుకుని, బిందెలో నీళ్లు పట్టి తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు.

అప్పటికి జుబేదా అవతల చువ్వలు కడిగి కట్ట కడుతోంది. కట్టడానికి ముంజేతి మీది ట్యూబు ముక్క లాగింది. లాగి ఆగిపోయింది.

ఇది ఇక్కడెందుకుంది?

ఇంటి దగ్గర ఆటో ఎక్కేటప్పుడు చువ్వల కట్ట ఊడి చెల్లాచెదురైంది. ఏది అందితే అది లాగి కట్టింది. అందింది డబ్బా మీది ట్యూబు ముక్క. ఇక్కడికొచ్చి కట్ట విప్పినప్పుడు ముంజేతికి తొడుక్కుంది. పొద్దుటినుంచీ అది తన చేతికే ఉంది. ఆనవాలు లేని డబ్బా తండ్రి ముందు పెట్టింది తను. తప్పు ఆయన వేళ్లది కాదు, తనదే. వేళ్లు బాగున్నవాడైనా ఆ పూట అదే డబ్బా తీసేవాడు.

తలెత్తి చూస్తే పొయ్యి ఆర్పడానికి తండ్రి బిందె దగ్గర నిలబడి ఉన్నాడు. పడుతూ లేస్తూ పరుగెత్తింది.

"ఆగండి! నీళ్లు పోయొద్దు! నాయనా, ఇది చూడు, ఇది నా చేతికుంది. డబ్బాకి లేదు. చువ్వలు కట్టడానికి నేనే తీశా పొద్దున. నీ తప్పేం లేదు. అన్నా, ఒట్టు, నేనే తీశా!"

అస్లాం ట్యూబు ముక్క వంక చూశాడు. "ఇప్పుడు తీసి తొడుక్కున్నావా?" అన్నాడు మెత్తగా.

"లేదన్నా! అమ్మ మీద ఒట్టు! ఇది నిజం!"

"పొద్దున కలిపింది కూడా నువ్వేనన్నావు గదే."

జుబేదా సాక్ష్యం కోసం యలమంద వైపు తిరిగింది, వాడు నేల చూపులు చూశాడు. డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది. ఎవరి ముఖంలోనూ నమ్మకం లేదు, అందరి ముఖంలోనూ మెచ్చుకోలు ఉంది. ఎంత మంచి కూతురు అనే మెచ్చుకోలు. గుండెలు బాదుకుని అరవాలనిపించింది ఆమెకు.

నన్నే సాహెబ్ ట్యూబు ముక్క ఆమె చేతిలోంచి తీసుకుని జేబులో వేసుకున్నాడు. తల మీద చెయ్యి వేశాడు.

"ఎన్నాళ్లని మోస్తావమ్మా నా తప్పులు? ఇక చాలు. రొయ్య గట్టిగా ఉందన్నానే నేను. అది కూడా నువ్వే అన్నావంటావా?"

ఆయన బిందెలో చెంబు ముంచి బొగ్గుల మీద తనే పోశాడు. బుస్సుమని ఆవిరి లేచింది. ఒక కొసనుంచి ఇంకో కొసకు పోసుకుంటూ వెళ్లాడు. ఎవరినీ పొయ్యనివ్వలేదు. ఆవిరి తగ్గాక వంగి, అరచెయ్యి బొగ్గుల మీద జానెడు ఎత్తున చాపి పట్టుకున్నాడు.

"చల్లారిందా జుబేదా?" అని అడిగాడు.

ఆయన చెయ్యి కింద బూడిదలో ఇంకా ఎర్రగా కనబడుతోంది. జుబేదా ఆ చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"లేదు నాయనా. ఇంకా ఉంది."

ఈసారి ఆయన ఆమె మాట నమ్మాడు. ఇంకో చెంబు నీళ్లు ముంచి, ఆమె చూపించిన చోటే పోశాడు.